అదే బెంజోయేట్ నిమ్మ స్క్వాష్‌లో పనిచేసి, అల్లం వెల్లుల్లి పేస్ట్‌లో ఎందుకు పనిచేయలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఇంటి దగ్గరే చిన్న యూనిట్ పెట్టి నిమ్మ స్క్వాష్, అల్లం వెల్లుల్లి పేస్ట్ చేసి అమ్ముతున్నారు. రెండింట్లోనూ ఒకే సోడియం బెంజోయేట్ (సరుకు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్ పొడి, బెంజోయిక్ ఆమ్లం లవణం), ఒకే కొలత. స్క్వాష్ నెలల తరబడి బాగానే ఉంది, పేస్ట్ పౌచ్‌లు మాత్రం కొద్ది వారాల్లోనే ఉబ్బిపోతున్నాయి. డోసు పెంచాలా అని అడిగారు. బెంజోయిక్ ఆమ్లం కొవ్వులో కరుగుతుంది కాబట్టే బ్యాక్టీరియాను ఆపుతుందని చదివారట, ఆ రెండింటికీ ఏం సంబంధమో కూడా చెప్పమన్నారు.

డోసు పెంచకండి. పేస్ట్ పీహెచ్ తగ్గించండి, అంటే పులుపు పెంచండి (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). బెంజోయేట్ పనిచేయాలంటే అది కొవ్వులో కరిగే రూపంలో ఉండాలి. నిమ్మ స్క్వాష్‌లో దాదాపు మొత్తం ఆ రూపంలోనే ఉంటుంది. పుల్లదనం లేని పేస్ట్‌లో నూటికి ఒకటో రెండో వంతులు మాత్రమే అలా ఉంటాయి. మీరు రెండింట్లో సమానంగా వేశాననుకుంటున్నారు, పనిచేసే మందు మాత్రం సమానంగా పడలేదు.

లెక్క చూద్దాం. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ 4.2. అంటే పీహెచ్ 4.2 దగ్గర సగం ఆమ్లం తన ప్రోటాన్‌ను (ధనావేశం ఉన్న హైడ్రోజన్ కణాన్ని) పట్టుకుని ఉంటుంది, సగం వదిలేసి అయాను, అంటే విద్యుదావేశం ఉన్న రూపం, అయిపోతుంది. పీహెచ్ 3 దగ్గర 94 శాతం విడిపోని రూపంలో, అంటే ప్రోటాన్ పట్టుకునే ఉన్న, కొవ్వులో కరిగే రూపంలో ఉంటుంది. 4 దగ్గర 61 శాతం, 5 దగ్గర 14 శాతం, 6 దగ్గర 1.6 శాతం. వెల్లుల్లి, అల్లం రెండూ పీహెచ్ 6కి అటూ ఇటూగా ఉంటాయి. 1000 మిల్లీగ్రాములు వేశారనుకోండి (ఇది లెక్క కోసమే, వాడమని చెప్పే కొలత కాదు). స్క్వాష్‌లో 940 మిల్లీగ్రాములు పనిలో ఉంటాయి, పేస్ట్‌లో 16. డోసుతో ఈ తేడా పూడ్చాలంటే 60 రెట్లు వేయాలి. చట్టం ఒప్పుకోదు, నాలుకా ఒప్పుకోదు.

ఇప్పుడు కొవ్వు సంగతి.

బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే పొర రెండు వరుసల కొవ్వు అణువులతో తయారైనది. విద్యుదావేశం ఉన్నదేదీ దాన్ని సులువుగా దాటలేదు, పొరలో ఉండే ప్రోటీన్ ద్వారాల గుండానే వెళ్లాలి. బెంజోయేట్ అయానుకి ఋణావేశం ఉంది కాబట్టి అది బయటే ఆగిపోతుంది. ప్రోటాన్ పట్టుకుని ఉన్న బెంజోయిక్ ఆమ్లానికి ఆవేశం లేదు, పైగా దాని బెంజీన్ వలయం కొవ్వులో హాయిగా కరుగుతుంది. ఏ ద్వారం అక్కర్లేకుండా పొరలో కరిగి, అవతలి వైపు తేలుతుంది.

లోపల పీహెచ్ సుమారు 7. అక్కడికి చేరగానే ఆమ్లం ప్రోటాన్‌ను వదిలేస్తుంది. ఇప్పుడది మళ్లీ ఆవేశం ఉన్న అయాను, బయటికి రాలేదు. లోపల విడిపోని రూపం తక్కువగా ఉంది కాబట్టి బయట నుంచి మరికొంత వస్తుంది, అదీ విడిపోతుంది. ఇలా పేరుకుపోతూనే ఉంటుంది. బయట పీహెచ్ 4, లోపల 7 అనుకుని లెక్క కడితే, లోపలి సాంద్రత బయటికంటే దాదాపు 390 రెట్లు అయ్యేదాకా ఇది సాగాలి. నిజానికి అంతదూరం వెళ్లదు, ఈలోపే లోపలి పీహెచ్ పడిపోతుంది. అయినా మిల్లీగ్రాముల్లో వేసే పొడి కణం లోపల ఎందుకంత దెబ్బ తీస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

లోపల పీహెచ్ పడితే ఏమవుతుంది? ఎంజైములు మందగిస్తాయి. చక్కెరను విరగ్గొట్టే దారిలో కొన్ని మెట్లు దీనికి బాగా లొంగుతాయి, ఈస్ట్‌లో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము మెట్టు దగ్గర అడ్డు పడుతుందని చూశారు. అంతకంటే ముఖ్యమైన దెబ్బ ఇంకొకటి ఉంది. బ్యాక్టీరియా ఊపిరి తీసే క్రమంలో ప్రోటాన్లను బయటికి తోస్తూ ఉంటుంది. అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఆ ఒత్తిడిని వాడుకునే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే ఇంధనం) తయారు చేసుకుంటుంది, అమైనో ఆమ్లాలనూ కొన్ని చక్కెరలనూ లోపలికి లాక్కుంటుంది. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే, 1978లో ఆయనకు నోబెల్ తెచ్చింది కూడా ఇదే. కొవ్వులో కరిగే ఆమ్లం ప్రోటాన్లను దొడ్డిదారిన లోపలికి చేరవేస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుకి అడుగున లీకు పడితే మోటారు ఆగకుండా తిరుగుతున్నా కుళాయిలో నీళ్లు రాని పరిస్థితి. కణం తన ఏటీపీని ఖర్చు పెట్టి ప్రోటాన్లను బయటికి పంపు చేస్తూనే ఉంటుంది, పెరగడానికి ఏమీ మిగలదు.

1973లో ఎర్న్‌స్ట్ ఫ్రీజ్ బృందం ‘నేచర్’ పత్రికలో సరిగ్గా ఈ విషయమే రాసింది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా మీద ప్రయోగాలు చేసి, కొవ్వులో కరిగే ఆమ్లాలు పెరుగుదలను ఆపే తీరు ప్రధానంగా పోషకాల రవాణాను ఆపడమేనని తేల్చారు. అంటే చుట్టూ తిండి ఉన్నా లోపలికి తెచ్చుకోలేక బ్యాక్టీరియా పస్తులుంటుంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ. చాలా చోట్ల బెంజోయిక్ ఆమ్లాన్నీ, అలాంటిదే ఇంకో ప్రిజర్వేటివ్ అయిన సార్బిక్ ఆమ్లాన్నీ "అన్‌కప్లర్లు" (ప్రోటాన్ల ఒత్తిడికీ ఏటీపీ తయారీకీ మధ్య లంకె తెంపేవి) అని ఒక్క మాటలో తేల్చేస్తారు. డైనైట్రోఫినాల్ లాంటి అసలైన అన్‌కప్లర్ ప్రోటాన్‌ను లోపల దించి, అయానుగానే మళ్లీ పొర దాటి బయటికొచ్చి ఇంకో ప్రోటాన్‌ను మోసుకెళ్తుంది. బెంజోయేట్, సార్బేట్ అయాన్లు అలా తిరిగి రావడం చాలా తక్కువ. అందుకే వాటి దెబ్బలో ఎక్కువ భాగం లోపల ఆమ్లం నిండిపోవడం, అయాన్లు పేరుకుపోవడం వల్ల వచ్చేదే. సార్బిక్ ఆమ్లానికి పొరనే కాస్త అస్తవ్యస్తం చేసే గుణం కూడా ఉందని, అయాను రూపానికీ కొద్దిపాటి ప్రభావం ఉందని కొలిచిన వాళ్లున్నారు. యూనిట్‌లో మీకు మాత్రం విడిపోని రూపం లెక్కే చాలు.

బెంజోయేట్ బ్యాక్టీరియాను ఆపుతుంది, చంపదు. బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఆమ్లం తీసేసి మంచి పోషక ద్రవంలో వేస్తే చాలా బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుంది. మురికి వెల్లుల్లి, కడగని మిక్సర్ జార్, చేత్తో నింపిన పౌచ్, వీటన్నిటినీ బెంజోయేట్ కప్పిపుచ్చదు. మొదట్లో ఉన్న క్రిముల సంఖ్య ఎంత ఎక్కువైతే అది అంత త్వరగా ఓడిపోతుంది.

సరే, మీ పేస్ట్ దగ్గరికి వద్దాం.

మొదట ఒక పీహెచ్ మీటర్ కొనండి. పీహెచ్ పేపర్‌తో పని జరగదు, ముఖ్యంగా మీరు పసుపు వేస్తుంటే, ఆ రంగు పేపర్‌కి అంటుకుని ఏమీ తెలియనివ్వదు. వాడే ప్రతిరోజూ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) మీటర్‌ను సరిచూసుకోండి. పేస్ట్‌లో నూనె ఉంటే ఎలక్ట్రోడ్‌కి జిడ్డు పట్టి తప్పు రీడింగ్ వస్తుంది, నూనె వేయకముందే కొలవడం మేలు. పులుపు కలిపిన వెంటనే వచ్చిన అంకెను నమ్మకండి. ముక్కల లోపలికి ఆమ్లం దిగాక పీహెచ్ కొంత పెరుగుతుంది, మర్నాడు మళ్లీ కొలవండి. ఆ మర్నాటి అంకె 4 లేదా అంతకంటే తక్కువ ఉండాలి.

సిట్రిక్ ఆమ్లం ఎంత వేయాలని అందరూ అడుగుతారు. ఇంటర్నెట్‌లో దొరికే శాతాలు మీ వెల్లుల్లికి సరిపోవు, ఒక్కో లాట్ ఒక్కోలా ఎదురు తిరుగుతుంది. 100 గ్రాముల పేస్ట్ తీసుకుని, కొంచెం కొంచెంగా సిట్రిక్ ఆమ్లం తూచి కలుపుతూ మీటర్ చూడండి. మీ కొలత మీకే దొరుకుతుంది. లాట్ మారినప్పుడల్లా మళ్లీ చేయండి.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. సిట్రిక్ ఆమ్లం పీహెచ్ తగ్గించడంలో దిట్ట, కానీ అది తనంతట తాను బ్యాక్టీరియా పొరలోకి సరిగా దూరలేదు. నీళ్లంటేనే దానికి ప్రీతి. అందుకే సిట్రిక్ బయట పీహెచ్ దించుతుంది, ఆ పీహెచ్‌లో బెంజోయిక్ లోపలికి వెళ్తుంది. అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేది, రెండు పనులూ కొంతవరకు చేస్తుంది. దాని పీకేఏ 4.76, అణువు చిన్నది, పొర దాటగలదు. వాసన మాత్రం మన వంటింటి పేస్ట్‌కి నప్పదు. కస్టమర్లు వెంటనే పట్టేస్తారు.

బెంజోయేట్‌నూ సిట్రిక్‌నూ ఒకే గ్లాసు నీళ్లలో కలపకండి. సోడియం బెంజోయేట్ నీళ్లలో బాగా కరుగుతుంది. బెంజోయిక్ ఆమ్లం మాత్రం గది ఉష్ణోగ్రతలో లీటరుకి సుమారు 3.4 గ్రాములే కరుగుతుంది. చిక్కటి బెంజోయేట్ ద్రావణంలో పులుపు పడగానే తెల్లటి పలుకులు కట్టి అడుక్కి దిగుతాయి. ఒక పౌచ్‌లోకి అన్నీ వెళ్లి, ఇంకో పౌచ్‌లోకి ఏమీ వెళ్లవు. అసలు ఆమ్లం బదులు దాని లవణం అమ్మేది కూడా ఈ కరగడం కోసమే. బెంజోయేట్‌ను విడిగా గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, పేస్ట్‌ను తిప్పుతూ సన్నగా పోయండి. లవణం ఆహారంలోని పులుపుకి ఆమ్లంగా మారి పనిలోకి దిగుతుంది.

పులుపు పడ్డాక వెల్లుల్లి ఆకుపచ్చగానో నీలంగానో మారొచ్చు. చలిలో నిల్వ ఉన్న వెల్లుల్లిలో ఇది ఎక్కువ. వెల్లుల్లిలోని గంధక పదార్థాలు చేసే రసాయన చర్య అది, హాని లేదు, కానీ ఫోన్లు మాత్రం వస్తాయి. రెబ్బల్ని నలపక ముందే కొద్దిసేపు వేడినీళ్లలో ముంచి తీస్తే రంగు మారడం తగ్గుతుంది, ఘాటూ కొంత తగ్గుతుంది. ఏది వదులుకుంటారో మీ ఇష్టం.

ఉబ్బిన పౌచ్ గురించి ఒక మాట. గ్యాస్ చేసేది ఎక్కువగా ఈస్ట్, కొన్ని రకాల లాక్టిక్ బ్యాక్టీరియా. లాక్టిక్ బ్యాక్టీరియా బెంజోయేట్‌కి అంత తేలిగ్గా లొంగదు. బయట పులుపు పెరిగేకొద్దీ అది తన లోపలి పీహెచ్‌నూ కొంత పడనిస్తుంది, అందుకని లోపల అయాన్లు అంతగా పేరుకోవు. కాబట్టి పీహెచ్ దించాక కూడా ఉప్పు, శుభ్రత, వీలైతే వేడి, ఇవి ఉండాల్సిందే.

నన్ను నిజంగా భయపెట్టేది మాత్రం ఉబ్బని పౌచ్. వెల్లుల్లి మట్టిలోంచి వస్తుంది, మట్టిలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. గాలి తగలని చోట, పీహెచ్ 4.6 పైన, అవి మొలకెత్తి విషం తయారు చేయగలవు. వాసనలో, రంగులో ఏ తేడా లేకుండానే ఇది జరగొచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వ చేసిన తరిగిన వెల్లుల్లి వల్ల 36 మందికి బొట్యులిజం, అంటే ఆ విషం వల్ల వచ్చే జబ్బు, వచ్చింది. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో మళ్లీ అలాంటిదే జరిగాక, వెల్లుల్లి–నూనె ఉత్పత్తుల్లో ఆమ్లం లాంటి రక్షణ తప్పనిసరిగా ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుబట్టింది. "పైన నూనె పోస్తే పాడవదు" అని మన ఇళ్లలో అనే మాట ఆవకాయకి చెల్లుతుంది, ఎందుకంటే మామిడికాయ పులుపు, ఉప్పు అప్పటికే పని చేసేసి ఉంటాయి. పులుపు లేని వెల్లుల్లి పేస్ట్ మీద నూనె పోయడమంటే గాలి తీసేసి బొట్యులినానికి ఇల్లు కట్టివ్వడమే. పీహెచ్ 4 అని నేను మొండిగా అంటున్నది పౌచ్ ఉబ్బకుండా ఉండటానికే కాదు.

నూనె మాట వచ్చింది కాబట్టి, మీరు అడగని ఇంకో ప్రశ్నకి కూడా జవాబు చెప్తాను, ఎందుకంటే త్వరలో పచ్చళ్లు కూడా మొదలుపెడతారని రాశారు. కొవ్వులో కరిగే గుణమే ఈ ఆమ్లాల బలం, నూనె పచ్చట్లో అదే బలహీనత. విడిపోని బెంజోయిక్ ఆమ్లానికి బ్యాక్టీరియా పొర, పప్పునూనె రెండూ ఒకటే, ఏది ఎక్కువుంటే అందులోకి పోతుంది. నూనె–నీరు మధ్య దాని పంపకం విలువ (నీళ్లలోకంటే నూనెలో సాంద్రత ఎన్ని రెట్లో చెప్పే అంకె) సుమారు 6, సార్బిక్‌కి సుమారు 3 అని పుస్తకాల్లో ఇస్తారు. నూనె, నీరు సమపాళ్లలో ఉన్న పచ్చట్లో పీహెచ్ 3.5 అనుకుంటే, వేసిన బెంజోయిక్‌లో ఆరింట ఐదొంతులు నూనెలో కూర్చుంటుంది. క్రిములేమో నీళ్ల భాగంలో పెరుగుతాయి. కాబట్టి నూనె ఎక్కువున్న ఆవకాయ, మాగాయల్లో ప్రిజర్వేటివ్‌ని నమ్ముకోవడం కంటే ఉప్పు, పులుపు, ముక్క ఆరడం, పొడి గరిటె వీటిని నమ్ముకోవడం తెలివైన పని. ఆవపిండిలోని ఘాటు పదార్థానికి కూడా క్రిముల్ని అడ్డే శక్తి ఉంది.

ఇదే ధోరణిలో కొబ్బరి నూనె గురించి తరచూ అడుగుతుంటారు. అందులోని కొవ్వు ఆమ్లాల్లో సుమారు సగం లారిక్ ఆమ్లం, 12 కార్బన్ల గొలుసు. గొలుసు పొడవయ్యేకొద్దీ కొవ్వు పొరపై పట్టు పెరుగుతుంది, గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా (బయట అదనపు పొర లేనివి) మీద లారిక్ చాలా చురుకైనదని 1970ల్లో జాన్ కబారా బృందం చూపించింది. కానీ నూనెలో అది గ్లిజరాల్‌కి కట్టేసి ఉంటుంది, స్వేచ్ఛగా ఉన్న ఆమ్లం కాదు. విడదీసి వేద్దామన్నా నీళ్లలో కరగదు, సబ్బు రుచి వస్తుంది. పైగా ఇ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంది, దాని మీది లైపోపాలీశాకరైడ్ పొడవు గొలుసుల ఆమ్లాలను లోపలికి రానివ్వదు. దీన్నీ ఫ్రీజ్ ప్రయోగశాలే 1973లో చూపించింది. అసిటిక్ లాంటి పొట్టి గొలుసులు ఆ పొరను దాటిపోతాయి. కొవ్వు ప్రీతి మరీ తక్కువైతే లోపలికి వెళ్లదు, మరీ ఎక్కువైతే నీళ్లలో ఉండదు. ఆహారంలో మనం వాడేవన్నీ ఆ మధ్యలోవే.

నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఒక సాస్ యూనిట్‌ది చెప్తాను. పీహెచ్ బాగానే ఉంది, బెంజోయేట్ పరిమితి అంచున ఉంది, అయినా సీసాల మూతలు ఎగిరిపోతున్నాయి. జైగోశాకరోమైసిస్ బెయిలీ అనే ఈస్ట్ అది. బెంజోయేట్, సార్బేట్ రెండింటినీ తట్టుకోవడంలో పేరుమోసింది. వాళ్లు డోసు పెంచుతూ పోయారు, అది పెరుగుతూ పోయింది. చివరికి నింపే యంత్రం రబ్బరు గొట్టంలో పేరుకున్న పాత సాస్‌లో దొరికింది. గొట్టం మార్చి, సాస్‌ను వేడిగా నింపడం మొదలెట్టాక గొడవ ఆగింది. కొద్దికొద్దిగా ప్రిజర్వేటివ్ తగులుతూ మిగిలిపోయిన చోటే ఇలాంటివి రాటుదేలతాయి.

ఇంకొకాయన బేకరీలో బూజు పడుతోందని పిండిలో పొటాషియం సార్బేట్ కలిపాడు. బ్రెడ్ పొంగలేదు, సార్బేట్ ఈస్ట్‌ని కూడా ఆపేస్తుంది మరి. బ్రెడ్‌కి కాల్షియం ప్రొపియోనేట్ వాడేది ఇందుకే, ఐఎన్ఎస్ 282 అనే సంకలిత పదార్థం నంబరుతో కవరు మీద కనిపిస్తుంది. అది బూజునీ, బ్రెడ్ లోపల జిగురు తీగలు సాగేలా చేసే బాసిల్లస్‌నీ అడ్డుకుంటుంది, ఈస్ట్ జోలికి పెద్దగా పోదు. దాని పీకేఏ 4.87. బ్రెడ్ పీహెచ్ 5.5 దగ్గర 19 శాతం విడిపోకుండా ఉంటుంది, అదే చోట బెంజోయిక్ 5 శాతమే.

మీ పేస్ట్‌కి బెంజోయేట్ బదులు సార్బేట్ వాడొచ్చా అంటే, మీ వస్తువు కేటగిరీలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) అనుమతి ఉందో చూసుకుని వాడొచ్చు. పీకేఏ 4.76 కాబట్టి పీహెచ్ 5 దగ్గర 37 శాతం పనిలో ఉంటుంది. బూజు మీద బాగా పనిచేస్తుంది. అయితే అప్పటికే బూజు ఎక్కువగా ఉన్న సరుకులో కొన్ని పెనిసీలియం రకాలు దాన్నే తినేసి కిరోసిన్ లాంటి వాసన వచ్చే పెంటాడయీన్‌గా మారుస్తాయి. అలాంటి వాసన వస్తే మీ ముడిసరుకు అనుమానించండి.

చివరిగా లేబుల్, తూకం. అనుమతి పరిమితులు సాధారణంగా బెంజోయిక్ ఆమ్లంగా లెక్కించి చెప్తారు, మీరు తూచేది సోడియం బెంజోయేట్. 1 గ్రాము ఆమ్లానికి 1.18 గ్రాముల లవణం కావాలి. పొటాషియం సార్బేట్‌కైతే 1.34. ఈ సవరణ చేయకపోతే మీరనుకున్నదానికంటే తక్కువే వేస్తున్నట్టు. మీ స్క్వాష్ విషయంలో ఒక జాగ్రత్త కూడా ఉంది. నిమ్మరసంలో విటమిన్ సి ఉంటుంది, బెంజోయేట్‌తో కలిసి, వేడీ వెలుతురూ తగిలితే, అతి కొద్ది మోతాదులో బెంజీన్ ఏర్పడే అవకాశం ఉంది. 2006 ప్రాంతంలో అమెరికాలో కొన్ని శీతల పానీయాల ఫార్ములాలు మార్చింది దీనివల్లే. సీసాలను ఎండలో, షాపు ముందు అద్దాల వెనక పెట్టనివ్వకండి. విటమిన్ సి అదనంగా కలపకండి.